వెన్ను దొరికాకే అసలు తాలీమ్

మగ్రిబ్ నమాజ్ చదివి మసీదు మెట్లు దిగుతుంటే చెల్లెలి ఫోన్ వచ్చింది. "భాయ్‌జాన్, ఎక్కడున్నా వెంటనే రా. వీడు ఎవరితోనో కొట్టుకున్నాడంట. అవతలి పిల్లాడు పడిపోయాడంట" అని ఏడుస్తోంది.

బండి తీసి గోదావరి గట్టు మీదకి వెళ్ళేసరికి టీ బండి చుట్టూ జనం. మా భాంజా ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. బక్కపలచటి మనిషి. అవతలి అబ్బాయి వాడికంటే జానెడు పొడుగు, పది పదిహేను కిలోలు ఎక్కువ బరువు. బళ్ళు రాసుకున్నాయి, మాటా మాటా పెరిగింది, చొక్కాలు పట్టుకున్నారు. ఆ అబ్బాయి చెయ్యెత్తగానే మావాడు ఆ చేతి కిందనుంచి దూరి వాడి వెనక్కి చేరాడు. మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించాడు. ఆ అబ్బాయి మావాడి చేతి మీద టపటపా కొట్టాడు. మావాడు వదల్లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు "వదలరా, వదలరా" అని అరిచారు. అప్పుడూ వదల్లేదు. ఆ పిల్లాడి కాళ్ళు పట్టు తప్పి కూలబడ్డాకే వదిలాడు. నీళ్ళు చల్లితే కాసేపటికి లేచి కూర్చున్నాడు. అల్‌హమ్‌దులిల్లాహ్. ఇంకొంచెంసేపు పట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

అరగంటలో వీడియో ఫోన్లకెక్కింది. అందులో బళ్ళు రాసుకున్న ముక్క లేదు. మెడ పట్టుకున్న ముక్కే ఉంది. దాని కింద రాసిన రాతలు ఇక్కడ మళ్ళీ రాయను. రెండు బళ్ళ తగాదా ఇషా వేళకి రెండు మతాల తగాదా అయ్యేట్టు కనిపించింది. ఇరవయ్యేళ్ళుగా పత్రికల్లో పనిచేస్తున్నాను. ఇలాంటి ఖబర్ ఎక్కడ పుట్టి ఎలా పెరుగుతుందో నాకు తెలుసు. ఆ రాత్రి మాత్రం అది మా ఇంట్లోనే పుట్టింది.

మమ్మల్ని గట్టెక్కించింది ఆ అబ్బాయి నాన్న. ఏసీ మెకానిక్కు ఆయన. అటు పెద్దమనుషులు, ఇటు మా మొహల్లా బుజుర్గులు కూర్చున్నాక ఆయన అన్న మాట ఇది: "మావాడి నోరు మంచిది కాదండీ. ముందు చెయ్యెత్తిందీ మావాడే. కానీ మీవాడు వదలాల్సింది."

ఇంటికొచ్చాక భాంజాని అడిగాను.

"ఎక్కడ నేర్చుకున్నావురా ఇది?"

"ఫోన్లో మామూ. ఖబీబ్ వీడియోలు."

"ఎప్పుడు వదలాలో చెప్పలేదా అందులో?"

వాడు తల దించుకున్నాడు. "అది వీడియోలో ఉండదు మామూ."

మా చెల్లెలు ఆ రాత్రే ఫోన్ లాగేసుకుంది. బుజుర్గులు కూడా "ఈ కుస్తీలు, కరాటేలు మన పిల్లలకి నక్కో" అని ఫైసలా చెప్పేశారు. వాళ్ళ భయం నాకు తెలుసు. ఈ రోజుల్లో మన పిల్లాడి చెయ్యి ఎవరి మీద పడినా దాని మాట ఎంత దూరం పోతుందో చెప్పలేం. అయినా వాళ్ళ ఫైసలా నాకు సరి అనిపించలేదు. నా రాయ్ దానికి పూర్తిగా ఉల్టా. వాడు సగం నేర్చుకున్నాడు కాబట్టే ఆ పిల్లాడు పడిపోయాడు. మిగతా సగం వాడికి నేర్పించాలి. ఎందుకంటారా, కాస్త ఓపికగా వినండి.

నేను ఉర్దూ మీడియం బళ్ళో చదివి, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ణి. రెండు భాషల్లోనూ వీపుకి ఉన్నన్ని మాటలు ఇంకే అవయవానికీ లేవేమో అనిపిస్తుంది. తెలుగులో వెన్నుపోటు ఉంది, వెన్నుదన్ను ఉంది. ఉర్దూలో పీఠ్ మే ఛురా ఉంది, పుష్త్‌పనాహీ ఉంది. పారిపోయేవాడు తెలుగులో వెన్ను చూపిస్తాడు, ఉర్దూలో పీఠ్ దిఖాతా హై. మనిషి లేని చోట వాడి గురించి మాట్లాడితే పీఠ్ పీఛే మాట్లాడటం. దాన్నే దీన్‌లో గీబత్ అంటాం, అది గునాహ్. ద్రోహం చేసేవాడూ అక్కడే నిలబడతాడు, ఆసరా ఇచ్చేవాడూ అక్కడే నిలబడతాడు. మనిషికి వెనక కళ్ళు లేవు, చేతులు వెనక్కి తిరగవు. వెన్ను దొరికిందంటే ఆ మనిషి మన దయ మీద ఉన్నట్టే.

ఇప్పుడు ప్రపంచమంతా నేర్చుకుంటున్న బ్రెజిలియన్ జియు జిట్సు అనే కుస్తీ ఈ సంగతి మీదే నిలబడి ఉంది. జపాన్ నుంచి వెళ్ళి 1914లో బ్రెజిల్ చేరిన మిత్సుయో మయేదా అనే జూడో ఉస్తాద్ దగ్గర గ్రేసీ కుటుంబం పిల్లలు నేర్చుకున్నారు. వాళ్ళు దాన్ని చిన్న మనిషి పెద్ద మనిషిని ఆపే విద్యగా మలిచారు. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ పోటీ జరిగితే, ఆ ఇంటి అబ్బాయి రాయిస్ గ్రేసీ తనకంటే బరువైన వాళ్ళని ఓడించి గెలిచాడు. ఫైనల్లో ముగించింది వెనకనుంచి పట్టిన పట్టుతోనే. ఈ ఆటలో ఎక్కువ పాయింట్లు వచ్చేవి రెండు స్థానాలకి. ఒకటి అవతలివాడి ఛాతీ మీద ఎక్కి కూర్చోవడం, రెండోది వాడి వెన్ను మీదకి చేరి రెండు మడమలూ వాడి తొడల లోపలివైపు పెట్టి మూడు సెకన్లు నిలవడం. దేనికైనా 4 పాయింట్లే. కానీ తెలిసినవాళ్ళు వెన్ను వైపే మొగ్గుతారు. కింద ఉన్నవాడు మనల్ని చూడలేడు, కొట్టలేడు, తొయ్యలేడు.

మన ఊళ్ళో ఒక షాదీఖానా దగ్గరలో, మేడ మీది హాల్లో రబ్బరు మ్యాట్లు పరిచి ఈ విద్య నేర్పుతున్నాడు ఒక క్రైస్తవ కుర్రాడు. హైదరాబాదులో ఏళ్ళ తరబడి నేర్చుకుని వచ్చాడు. భాంజాని తీసుకుని వెళ్ళాను. జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఆ అబ్బాయి మావాడి వంక చూసి, "చేతి కిందనుంచి దూరడం బాగానే పట్టావు. తరవాత ఏం చేశావో చూపించు" అన్నాడు. మావాడు వెనక్కి చేరి గబుక్కున మెడ అందుకోబోయాడు. ఉస్తాద్ ఒక్కసారి భుజం దించి పక్కకి జారాడు. మావాడు మ్యాట్ మీద వెల్లకిలా ఉన్నాడు, ఆయన పైన ఉన్నాడు. "వెనక ఉండటం వేరు, వెన్ను దొరకటం వేరు" అన్నాడాయన.

ఆ తేడా ఏమిటో నేను గోడకి ఆనుకుని చాలా రోజులు చూశాను. నాకు అర్థమైనంత చెబుతాను.

మొదటిది, అంటుకోవడం. వెనక్కి చేరగానే ఒక చెయ్యి అవతలివాడి భుజం మీదుగా, ఇంకో చెయ్యి వాడి చంక కిందుగా పోనిచ్చి వాడి ఛాతీ మీద రెండూ కలపాలి. కారులో సీటు బెల్టు లాగా అడ్డంగా ఉంటుంది కాబట్టి దాన్ని సీట్ బెల్ట్ పట్టు అంటారు. మన ఛాతీ వాడి వీపుకి అతుక్కోవాలి, మన తల వాడి తలకి ఆనాలి. మధ్యలో గాలి చొరబడితే వాడు తిరిగిపోతాడు. కొత్తవాళ్ళు ఇక్కడే బలమంతా పెట్టి పిండేస్తారు, రెండు నిమిషాల్లో చేతులు చచ్చుబడతాయి. పిండక్కర్లేదు. వాడు ఎటు పోతే అటు వాడి నీడలాగా పోవాలి.

రెండోది, కాళ్ళు. మడమలు రెండూ కొక్కేల్లాగా వాడి తొడల లోపలివైపు ఉండాలి. పాదం మీద పాదం మెలేస్తే గట్టిగా ఉంటుందని అందరికీ అనిపిస్తుంది. అది మోసం. ముందువైపు మెలేసిన పాదాల మీద వాడు తన కాలు వేసి నొక్కితే మన చీలమండే విరిగేట్టు అవుతుంది. అవతలివాడు నాలుగు కాళ్ళ మీద తాబేలులా ముడుచుకుని ఉన్నప్పుడు గుర్రం ఎక్కినట్టు ఒక్కసారిగా పైకి ఎగబాకితే మనమే వాడి తల మీదుగా ముందుకి పడతాం. ముందు సీట్ బెల్ట్, తరవాత ఒక కాలు, ఆ తరవాత పక్కకి ఒరిగి రెండో కాలు. ఆ వరసలోనే. పక్కకి ఒరగడంలోనూ ఒక లెక్క ఉంది. ఏ చెయ్యి భుజం మీదుగా వచ్చిందో ఆ వైపే ఒరగాలి. రెండో వైపు ఒరిగితే వాడు వీపుని నేలకి ఆనించి జారిపోయే దారి మనమే ఇచ్చినట్టు.

మూడోది, తొందర లేకపోవడం. మెడ కనిపిస్తుంది కదా అని మెడ మీదకి పోకూడదు. ముందు వాడి చేతులు. వాడి రెండు చేతులూ మెడని కాపాడుకుంటుంటే మన ఒక్క చెయ్యి వాటిని దాటలేదు. ఒక చేతిని పట్టి, కిందకి దించి, వీలైతే మన కాలితో బంధించి, అప్పుడు. ఒక కొక్కెం జారిపోతే కంగారుపడి మెడ పట్టుకుని వేలాడకూడదు. మళ్ళీ పెట్టుకోవాలి. పెట్టుకోలేకపోతే వాడు తిరిగే దిక్కునే మనమూ తిరిగి ఛాతీ మీదకి చేరాలి. పోయినదాని కోసం గింజుకుంటే ఉన్నదీ పోతుంది.

ఉర్దూలో 'కాబూ' అని ఒక మాట ఉంది. బలంతో అణచడం వేరు, కాబూలో పెట్టుకోవడం వేరు. నేను చూసినదానికి సరైన మాట కాబూయే. అందులో ఎక్కువ భాగం సబర్.

వెనక ఉండటానికీ వెన్ను దొరకటానికీ ఉన్న తేడా తెలియాలంటే గామా పహిల్వాన్ లండన్ కుస్తీ తలుచుకోవాలి. 1910 సెప్టెంబరు 10. గామా, అంటే గులాం ముహమ్మద్, తనకంటే బాగా బరువైన పోలండ్ మల్లుడు స్టానిస్లాస్ జిబిస్కోతో తలపడ్డాడు. మొదటి నిమిషంలోనే గామా అతన్ని కింద పడేశాడు. అంతే, జిబిస్కో తాబేలులా నేలకి కరుచుకుపోయాడు. రెండున్నర గంటలకి పైగా గామా అతని మీదే ఉన్నాడు, తిప్పలేకపోయాడు. చివరికి డ్రా అన్నారు. వారం తరవాత మళ్ళీ పోటీ పెడితే జిబిస్కో రానేలేదు.

అంత గొప్ప పహిల్వాన్‌కి అన్ని గంటలు ఎందుకు చాలలేదు? కుస్తీ కాయిదా వల్ల. కుస్తీలో గెలవాలంటే రెండు భుజాలూ నేలకి తాకించి చిత్ చెయ్యాలి. అందుకని ఓడిపోయేవాడు బోర్లా పడుకుని వెన్ను ఇచ్చేస్తాడు. అక్కడ వెన్ను ఇవ్వడం ఒక పనాహ్. జియు జిట్సులో దానికి ఉల్టా, వెన్ను ఇవ్వడమంటే మెడ ఇవ్వడమే. ఒకే శరీరం, ఒకే వెన్ను. కాయిదా మారితే దాని ఖీమత్ మారిపోతుంది. గామా 1928లో పటియాలాలో మళ్ళీ అదే జిబిస్కోని నిమిషంలోపే చిత్ చేశాడు. పద్దెనిమిదేళ్ళు ఆగాడు. మన పిల్లలకి ఆ నిమిషం కథే చెబుతాం. ఆ రెండున్నర గంటల కథ, ఆ పద్దెనిమిదేళ్ళ కథ చెప్పం. ఆ గామానే 1947లో లాహోరులో తన వీధి హిందువుల మీదకి వచ్చిన గుంపుకి అడ్డంగా నిలబడ్డాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. వెన్నుదన్ను అంటే అది.

ఇప్పటి పిల్లలకి గామా తెలియకపోవచ్చు, ఖబీబ్ నూర్మగొమేదోవ్ తెలుసు. దాగెస్తాన్ కొండల నుంచి వచ్చిన మన దీనీ భాయ్. 29 పోటీల్లో ఒక్కటీ ఓడకుండా ఆట మానేశాడు. మా భాంజా ఫోన్ మీద బొమ్మ కూడా అతనిదే. 2018 అక్టోబరు 6న లాస్ వేగాస్‌లో కానర్ మెక్‌గ్రెగర్‌తో జరిగిన పోటీ ఆ వీడియోల్లో అన్నిటికంటే ఎక్కువ తిరుగుతుంది. పోటీకి ముందు మెక్‌గ్రెగర్ ఖబీబ్ తండ్రినీ దీన్‌నీ నోటికొచ్చినట్టు మాట్లాడాడు. నాలుగో రౌండులో ఖబీబ్ అతని వెన్ను పట్టాడు. దవడ మీదుగా చెయ్యి వేసి తిప్పేసరికి మెక్‌గ్రెగర్ ట్యాప్ చేశాడు. ఆట ముగిసింది. వీడియో అక్కడ ఆగిపోతే బాగుండేది. ఖబీబ్ కంచె దూకి మెక్‌గ్రెగర్ మనుషుల మీదకి వెళ్ళాడు. హాలంతా రభస. తరవాత ఐదు లక్షల డాలర్ల జుర్మానా, తొమ్మిది నెలల నిషేధం. ఆ రాత్రే ఖబీబ్ మాఫీ కోరాడు. అది అతని బడప్పన్.

నేను ఖబీబ్‌ని తక్కువ చెయ్యడం లేదు. అతని మీద నాకు ఇజ్జత్ ఉంది కాబట్టే చెబుతున్నాను. ఎదుటివాడి వెన్ను కాబూలోకి వచ్చింది, తన గుస్సా రాలేదు. కుస్తీలో పడగొట్టేవాడు కాదు, కోపం వచ్చినప్పుడు తనను తాను ఆపుకునేవాడే అసలు బలవంతుడన్న హదీస్ మనకి చిన్నప్పుడే నేర్పుతారు. ఎవరితోనైనా కలబడాల్సి వస్తే ముఖం మీద కొట్టొద్దన్నదీ నేర్పుతారు. రుకానా అనే పేరుమోసిన మల్లుడితో ప్రవక్త, సల్లల్లాహు అలైహి వసల్లమ్, స్వయంగా కుస్తీ పట్టి పడగొట్టారన్న రివాయత్ కూడా ఉంది. ఈ మూడూ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఇది: కుస్తీ చెడ్డది కాదు, వదలటం రాని కుస్తీ చెడ్డది.

జియు జిట్సు మ్యాట్ మీద నేర్పే మొదటి పాఠం వదలటమే. దాన్ని ట్యాప్ అంటారు. అవతలివాడు రెండుసార్లు చేత్తో తట్టగానే ఏ పట్టునైనా ఆ క్షణంలోనే వదిలెయ్యాలి. మెడకి రెండు పక్కలా మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళాలు నొక్కుకుంటే దాదాపు పది సెకన్లలోనే స్పృహ పోతుంది. అది ఆట కాదు. అందుకే ట్యాప్ వినని షాగిర్ద్‌ని ఏ మంచి ఉస్తాదూ ఉండనివ్వడు. మా భాంజా చేతి మీద ఆ అబ్బాయి తట్టింది కూడా ట్యాపే. ఎవరూ నేర్పకుండానే ఆ భాష ఆ పిల్లాడికి వచ్చింది. మావాడికే రాలేదు.

రెండో వారం ఉస్తాద్ నన్నూ మ్యాట్ మీదకి లాగాడు. నలభై ఆరేళ్ళ మనిషిని, మోకాళ్ళు నా మాట వినవు. ఒక పదిహేనేళ్ళ పిల్లాడు నా వెన్ను మీదకి చేరాడు. వాడి ముఖం నాకు కనిపించదు, ఊపిరి మాత్రం చెవి పక్కన వినిపిస్తోంది. నా మెడ ఒక ఎరగని పిల్లాడి చేతుల్లో అమానత్. తట్టాను. వదిలాడు. "సారీ అంకుల్, గట్టిగా పట్టానా?" అన్నాడు. ఆ రాత్రి గట్టు మీద పడిపోయిన పిల్లాడు ఏ భయంలో ఉండి ఉంటాడో నాకు అప్పుడు తెలిసింది. మా భాంజాకి కూడా ఆ హాల్లో మొదటిసారి తన మెడ దొరికిన రోజే తెలిసిందని వాడే చెప్పాడు. ఫోన్ చూసి నేర్చుకున్నవాడు ఎప్పుడూ పట్టేవాడే. మ్యాట్ మీద నేర్చుకున్నవాడు రోజుకి పదిసార్లు దొరికిపోయేవాడు కూడా.

ఇదంతా మనకి కొత్త సంగతి అనుకోకండి. డిగ్రీలో మా తెలుగు మాస్టారు ఉర్దూ నుంచి వచ్చిన మాటలు చెప్పమంటే నేను కోర్టు మాటలు, రెవెన్యూ మాటలు చెప్పాను. ఆయన "వస్తాదు, కసరత్తు, కుస్తీ, తాలింఖానా మర్చిపోయావేం?" అన్నారు. మా బళ్ళో తాలీమ్ అంటే చదువు. తెలుగువాళ్ళు ఆ మాటని కండలు పెంచే చోటుకి పెట్టుకున్నారు. ఉస్తాద్ వస్తాదు అయ్యాడు. వీరఘట్టంలో 1882లో పుట్టి, గుండె మీద ఏనుగుని నిలబెట్టుకున్న కోడి రామ్మూర్తి నాయుడి కథల్లోనూ ఆ మాటలే. మన డెల్టాలో అమలాపురం దసరా చూడండి. ఆ రాత్రి వీధుల్లో వాహనాల ముందు కుర్రాళ్ళు కర్రలు, కత్తులు తిప్పుతారు. దాని పేరు చెడీ తాలింఖానా. చెడీ అన్నది మన ఛడీయే అని నా నమ్మకం. హిందువుల పండగ, పేరు మన భాషలో, పిల్లల చేతుల్లో విద్య మాత్రం అందరిదీ. కత్తి తిప్పే పిల్లాడికి మొదట నేర్పేది పక్కవాడికి తగలకుండా తిప్పడం. తాలింఖానాలు మూతపడి అద్దాలున్న జిమ్ములు వచ్చాయి. జిమ్ములో కండ వస్తుంది. ఎదురుగా ఇంకో మనిషి ఉండడు కాబట్టి తమీజ్ రాదు.

ఇక మన ఇళ్ళల్లో వినిపించే మాటలు. హయా సంగతేమిటంటారు. పొడుగు చేతుల చొక్కా, చీలమండ దాకా బిగుతు పంట్లాం, దాని మీద మోకాలు దాటే నిక్కరు వేసుకుంటే సతర్ నిలుస్తుంది. ఏ ఉస్తాదూ కాదనడు. ఆడపిల్లల సంగతి అడుగుతారు. నా రాయ్‌లో ముందు నేర్పాల్సింది వాళ్ళకే, ఎందుకంటే బరువు తక్కువ మనిషి కోసం పుట్టిన విద్య ఇది. ఆడవాళ్ళకి విడిగా సమయం, ఆడ ఉస్తాద్ అడగండి. పదిమంది తల్లులు కలిసి అడిగితే దొరుకుతుంది. మన కోనసీమ నుంచీ పశ్చిమ గోదావరి నుంచీ ఎంతోమంది గల్ఫ్ వెళ్ళారు కదా, ఎమిరేట్స్‌లో ఉన్నవాళ్ళని అడగండి. అక్కడ ప్రభుత్వ బడుల్లోనే జియు జిట్సు పాఠం. హిజాబ్ కట్టుకున్న ఆడపిల్లలు పోటీలకి దిగుతారు. ఈ ఆటలో పెద్ద పోటీల్లో ఒకటైన ఏడీసీసీని 1998లో మొదలుపెట్టింది అబుదాబిలోనే. 2018 నుంచి ఆసియా క్రీడల్లోనూ ఉంది.

పిల్లలు రౌడీలవుతారు అంటారు. ఈ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. ఉస్తాద్ మంచివాడు కాకపోతే అవుతారు కూడా. అందుకే చేర్పించే ముందు ఒక సాయంత్రం వెళ్ళి కూర్చోండి. ట్యాప్ చేసినా వదలని పిల్లాడిని ఉస్తాద్ ఏమంటున్నాడో చూడండి. బరువులు చూసి జతలు కడుతున్నాడా, చిన్నపిల్లల్ని మెడ పట్టుల జోలికి పోనిస్తున్నాడా, వీధిలో వాడినవాడి సంగతి ఏం చేస్తాడు, ఇవన్నీ అడగండి. జవాబు నచ్చకపోతే లేచి వచ్చెయ్యండి. వీధిలో గొడవ అయితే మొదటి దావ్ పక్కకి తప్పుకోవడమే అని చెప్పని చోట మన ఔలాద్‌ని ఉంచొద్దు. ఎంత వద్దన్నా ఫోన్ మాత్రం నేర్పుతూనే ఉంటుంది. ఫోన్‌కి జిమ్మేదారీ లేదు. మనకి ఉంది.

నాకో దరఖాస్తు కూడా ఉంది. మన ఊళ్ళ షాదీఖానాలు నికాహ్‌లు లేని రోజుల్లో తాళం వేసి ఉంటాయి. వారంలో మూడు సాయంత్రాలు, అసర్ నుంచి మగ్రిబ్ దాకా, అక్కడ మ్యాట్లు పరవనివ్వండి. పక్క వీధుల పిల్లల్ని కూడా రానివ్వండి, వాళ్ళ పేర్లు ఏవైనా సరే. ఒకడి మెడ ఇంకొకడి చేతిలో పెట్టి, తట్టగానే వదిలిన పిల్లలు రేపు టీ బండి దగ్గర బళ్ళు రాసుకున్నా ఒకరికొకరు తెలిసి ఉంటారు. వంద అమన్ కమిటీల మీటింగులు రాసిన జర్నలిస్టుగా చెబుతున్నాను, ఆ పరిచయం ఏ మీటింగులోనూ దొరకదు.

నెల తరవాత తాపేశ్వరం కాజా డబ్బా పట్టుకుని భాంజా, నేనూ ఆ ఏసీ మెకానిక్కు గారింటికి వెళ్ళాం. మావాడు మాఫీ అడిగాడు. ఆ అబ్బాయి మంచం మీదనుంచి లేవకుండా "సర్లే" అన్నాడు. హాలుకి నువ్వూ రాకూడదా అని మావాడు అడిగితే జవాబివ్వలేదు. తండ్రి "చూద్దాంలెండి" అన్నారు. ఇంకా రాలేదు. వస్తాడని నా ఆశ, వాడి మీద ఒత్తిడి లేదు.

మొన్న హాలుకి వెళ్ళేసరికి ఉస్తాద్ మావాడికి ఒక పని పెట్టాడు. తనకంటే బరువైన పిల్లాడి వెన్ను మీద ఐదు నిమిషాలు ఉండాలి, మెడ జోలికి వెళ్ళకూడదు. ఆ పిల్లాడు దొర్లాడు, గింజుకున్నాడు, వంతెన కట్టి లేపాడు. మావాడి కొక్కెం రెండుసార్లు జారింది, రెండుసార్లూ మళ్ళీ పెట్టుకున్నాడు. మెడ ఎదురుగానే ఉంది. వాడి చెయ్యి అటు పోలేదు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. ఐదు నిమిషాలు ఇంత పొడుగు ఉంటాయని నాకు తెలియదు. టైమ్ అనగానే వదిలి, ఆ పిల్లాడికి చెయ్యిచ్చి లేపాడు.

ఆ సాయంత్రం మా చెల్లెలు వాడి ఫోన్ వాడికి తిరిగి ఇచ్చేసింది.